ఆంగ్లమున లంచమునకు మాఱుపేళ్లు

లంచమను నర్థమును దెలుపుటకు ఆంగ్లభాషలో వ్యావహారికపదములు పెక్కులు గలవు. వీనికన్నిఁటికిని లంచమను నొక్క పదమునే యర్థముగా వ్రాయుట పరిపాటియైనది. కాని యీ పదములు పర్యాయములు కావు. ఇచ్చువాఁ డెవఁడు, పుచ్చుకొనువాఁ డెవఁడు, సొమ్ము పని జరుగుట కిచ్చినదా, నోరు మూసికొనుట కిచ్చినదా యను భేదములు వీనియం దిమిడియున్నవి. ఆ భేదములను విడిచి యనువదించినచో దోష మెవరిదో చదువరికిఁ దెలియకపోవును.

మొదట మూలపదమైన ‘బ్రైబు’ను విచారింపవలెను. ప్రాచీన ఫ్రెంచిభాషలో నీ పదమునకుఁ దునుక యనియు, బిచ్చగాని కిచ్చు రొట్టెముక్క యనియు నర్థములు. 14వ శతాబ్దిలో, చాసరు మహాకవినాఁటి యాంగ్లమున, దీని క్రియారూపమునకు దొంగిలించుట, బలిమిఁ గొనుట యను నర్థము లుండెను; అనఁగా నా క్రియకుఁ గర్త పుచ్చుకొనువాఁడు. నేఁటి వాడుకలోఁ గర్త యిచ్చువాఁడు. ఇట్లు దోషభారము తీసికొన్నవానినుండి యిచ్చినవానిమీఁదికి జరిగినది. పుచ్చుకొనువానిని జెప్పవలసినపుడు జనవ్యవహారము వేఱొక పలుకుబడిని గల్పించుకొన్నది. ‘ఆన్ ది టేక్’ అనునది లంచములు మరిగినవానినిగుఱించియే చెల్లును; ఇచ్చువానియెడఁ జెల్లదు.

రెండవది జిడ్డునకు సంబంధించిన పలుకుబడి. అఱచేతికి ‘గ్రీజు’ పూయుట యనఁగా ఆగిన పనిని గదలించుటకు ధన మొసఁగుట. బండియిరుసునకుఁ గందెన యెట్టిదో యీ సొమ్ము నట్టిది. తెలుఁగున ‘చేయి తడుపుట’ దీనికి మిక్కిలి దగ్గఱి జాతీయము. ఈ కందెన యను భావము మాటతోనే నిలువక శాసనములకును బ్రాఁకినది. అమెరికాలో విదేశోద్యోగులకు లంచమిచ్చుటను నిషేధించు చట్టము 1977లో వెలువడినది. ఉద్యోగి తనకు విధియైన సామాన్యకార్యమును త్వరగాఁ జేయుట కిచ్చు సొమ్మును 1988 నాఁటి సవరణ యా నిషేధమునుండి స్పష్టముగా మినహాయించినది. బ్రిటనులో 2010 నాఁటి లంచముల చట్టమున నిట్టి మినహాయింపు లేదు. ఒకే చేష్ట యొకచోటఁ గందెన, వేఱొకచోట నేరము.

‘స్లష్ ఫండ్’ అనునది యోడలలోఁ బుట్టినది. ఉప్పుమాంసము నుడికించునపుడు పైకిఁ దేలు కొవ్వునకు నావికులు ‘స్లష్’ అని పేరిడిరి. దాని నమ్మగా వచ్చిన సొమ్ము వారి చిల్లరసౌఖ్యముల కుపయోగపడెడిది. పిదప రాజకీయములలో లెక్కకు రాని నిధి కా పేరు వచ్చినది. కావున నిది లంచము గాదు. లంచములు వెలువడు బొక్కసము.

‘కిక్‌బ్యాక్’ అనఁగా ముట్టిన సొమ్ములోఁ గొంత, దాని నిప్పించినవానికి మరల ముట్టఁజెప్పుట. అనువాదకుఁ డెక్కువగా మోసపోవు స్థల మిదియే. అమెరికాలో 1934 నాఁటి కోప్‌ల్యాండు చట్టమునకుఁ గిక్‌బ్యాక్ నిరోధచట్టమనియే వాడుక. కేంద్రప్రభుత్వధనముతో జరుగు కట్టడపుఁబనులలోఁ గూలివారి వేతనమునుండి కొంత బలవంతముగా మరలఁ దీసికొనుటను అది నిషేధించినది. ఇచట సొమ్ము విడిచినవాఁడు కూలివాఁడు. అతఁడు బాధితుఁడు గాని దోషి గాఁడు. ఈ పదమును లంచమని తెనిఁగించినచోఁ గూలివాఁడే లంచమిచ్చిన ట్లగును. పత్రికలు దీనికి వాడు ‘ముడుపు’ గుత్తల విషయమునఁ జక్కగా నొప్పును. దైవమునకు మ్రొక్కి మూటగట్టిన ధనమునకుఁ జెల్లిన యా మాట యిట్టి సొమ్మునకును వాడుకయగుట వింతయే. కాని కూలివాని విషయమున నదియును బొసఁగదు. ‘కూలిలోఁ గోసికొనుట’ యని విడమఱచి చెప్పవలెను.

‘హష్ మనీ’ నోరు మూయించుట కిచ్చు సొమ్ము. పుచ్చుకొనువాఁ డుద్యోగియే కానక్కఱలేదు. ‘పేయోలా’ రేడియోలో నొక పాటను మాటిమాటికి వినిపించుటకై చాటుగా నిచ్చు ధనము. 1959-60 సంవత్సరములలో నమెరికా కాంగ్రెసు దీనిని విచారించినది. 1960 నాఁటి చట్టమునుబట్టి సొమ్ము ముట్టిన సంగతిని దెలుపక దాఁచుటయే నేరము.

ఆచారమను పేరు తప్పును గప్పిపుచ్చుటయుఁ గలదు. భారతదేశమునుండి యాంగ్లేయుల వ్యవహారమునఁ జేరి, 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువున కెక్కిన ‘దస్తూరీ’ యిట్టిది. దస్తూరు ఆచారము, దస్తూరీ యితరుల సొమ్ము చేతులు మాఱునపుడు నడుమవాని కంటుకొను భాగము. తెలుఁగున ‘మామూలు’ దీనికి దోఁబుట్టువు.

కావున నిట్టి పదమును బోధించు పండితుఁడు ముందుగా మూఁడు ప్రశ్నల వేసికొనవలెను: ఇచ్చినవాఁ డిష్టపడి యిచ్చెనా? పుచ్చుకొన్నవానికి నధికార మేమి? సొమ్ము దేనికొఱకు? వీని కుత్తరములు దొరకిన పిమ్మట లంచము, మామూలు, ముడుపు, చేయి తడుపుట యను వానిలోఁ దగిన మాట తానే తోఁచును. ఏదియుఁ దగనిచోట విడమఱచి వ్రాయుటయే మేలు. లంచమని యొక్కమాటతోఁ దీర్చుట నిర్దోషిపై నింద మోపుట కావచ్చును.