కవరులో వెళ్లే గింజ, వెళ్లని గింజ

2020లో మనుషులు ఒకచోట చేరకూడదన్న రోజులే చెట్ల లెక్కలో ఏడాదికంతా ముఖ్యమైన రోజులు. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. ఆ వారంలో ఖరగ్‌పూర్ చుట్టూ ఉన్న ఎర్రమట్టి అడవుల్లో మోదుగపూలు రాలడం అయిపోవచ్చింది. సాల చెట్లు పూతకొచ్చాయి. ఇప్పపూలు తెల్లవారుజామున నేల మీద పరుచుకునే కాలం. ఏప్రిల్, మే నెలల్లో రేల విరగబూస్తుంది. జూన్ తొలి వానలకు సాలగింజ, దాని వెనకే నేరేడు, వేపపండు. దేశవాళీ మొక్కలు పెంచేవాళ్లు సంచి భుజాన వేసుకుని తిరగాల్సింది ఈ మూడు నెలలే. సరిగ్గా అప్పుడే ఎవరిళ్లలో వాళ్లు ఉండిపోవలసి వచ్చింది.

మిగతా ఊళ్ల సంగతి ఎలా ఉన్నా, రైలు మీద బతికే ఊరికి ఆ నిశ్శబ్దం కొత్త. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుపడ్డ 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం మీద ప్రయాణికుడు లేడు. గూడ్సు బండ్లు మాత్రం నడిచాయి కాబట్టి డ్యూటీలు ఆగలేదు. హౌరా వైపు లోకల్ బండ్లు మళ్లీ కదిలింది నవంబరు 11న. అంటే పూత, కాయ, గింజ, మొలక అన్నీ మనుషుల రాకపోకలు లేకుండానే జరిగిపోయాయి. మొక్కల పిచ్చి ఉన్న పదిమంది ఇలాంటి ఏడాదిని ఎలా నెట్టుకొస్తారు? ఫోన్లున్నాయి కదా అనేయడం తేలిక. కానీ మొక్క ఫోన్లో పోదు. ఏది పోతుంది, ఏది పోదు అన్నదాని మీదే సంఘం నిలబడటం, విడిపోవడం ఆధారపడి ఉంటుంది.

ముందు ఈ నేల గురించి ఒక మాట. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు కట్టింది. తూర్పు కోస్తా లైనులో ఉత్తరపు ముక్క 1902లో అదే కంపెనీ చేతికి రావడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఖరగ్‌పూర్‌కి దారి సులువైంది. కూలికి వచ్చినవాళ్లు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లు మధురాకాటి, నింపురా వాడల్లో స్థిరపడ్డారు. క్వార్టరు వెనక జానెడు పెరడు. తవ్వితే మొరం. పైన గట్టిగా, లోపల గుల్లగా ఉండే లాటరైట్ అది. వాననీరు చప్పున దిగిపోతుంది, సారం నిలవదు. అందులోనే కరివేపాకు, మునగ, గోంగూర, నాలుగు మిరపమొక్కలు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన నిజం చెప్పాలి. మనది మనది అని చెప్పుకునే గోంగూర ఆఫ్రికా నుంచి వచ్చింది. చింత కూడా అక్కడిదే. మిరప అమెరికాది. రైల్వే కాలనీ రోడ్లకి నీడనిచ్చే నిద్రగన్నేరు కూడా అమెరికా ఖండానిదే, వేసవిలో ఎర్రగా మండే తురాయి మడగాస్కర్‌ది. మేదినీపూర్ అడవుల్లో వరసలు వరసలుగా నాటిన ఆకాశ్‌మణి ఆస్ట్రేలియా తుమ్మ. వీటి మీద నాకు పగేమీ లేదు, గోంగూర మీద అసలే లేదు. కాకపోతే దేశవాళీ మొక్కల తోట అన్నప్పుడు పెరటి కూరల కన్నా కాలవగట్టు, రైలు కట్ట, స్కూలు గోడవార చూడటం మొదలుపెట్టాలి. కొడిసెపాల, వావిలి, ఉత్తరేణి, మోదుగ, తునికి, కానుగ అక్కడుంటాయి.

తెలుగిళ్లలో ఈ చూపు కొత్తగా నేర్పాల్సింది కాదు. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి ఏరడమంటే ఏడాదికోసారి స్థానిక మొక్కల సర్వే చేయడమే. మారేడు, రావి, మద్ది, రేగు, వాకుడు, జిల్లేడు, ఉత్తరేణి, వావిలి ఎక్కడున్నాయో వీధిలో ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి. జాబితా అంతా ఈ నేలది కాదు. దానిమ్మ పడమటి నుంచి వచ్చింది, దేవదారు హిమాలయాల చెట్టు. జమ్మి పొడినేలల్లో బతికేది, బెంగాలు తేమలో దొరకడం కష్టం. 2020లో చవితి ఆగస్టు 22న వచ్చింది. పందిళ్లు లేవు, పిల్లలు గుంపుగా పత్రికి పోవడం లేదు. మా వైపు ఆ పని వాయిస్ మెసేజీల్లో నడిచింది. ‘‘ఏటమ్మా, ఉత్తరేణి మీ కాలవగట్టున ఉందేటి? మా గోడ కాడ వావిలుంది, గేటుకి తగిలిస్తాను, వచ్చి పట్టుకుపో’’ అని ఒక పిన్నిగారి గొంతు. సంఘమని బోర్డు లేదు, సభ్యత్వం లేదు. కానీ ఎవరి గోడ దగ్గర ఏముందో ఆ రెండు రోజుల్లో వీధి మొత్తానికి తెలిసిపోయింది. దాన్ని ఎవరైనా కాగితం మీద పెట్టి ఉంటే మంచి మ్యాపు అయ్యేది. పెట్టలేదు.

నిజానికి మొక్కల మనుషులు ఒకరినొకరు చూసుకోకుండానే పని నడిపిన చరిత్ర చాలా పెద్దది. లండన్‌లోని చెల్సీ తోట 1680లలోనే హాలండులోని లైడెన్ తోటతో మొక్కలు, గింజలు మార్చుకోవడం మొదలుపెట్టింది. ప్రపంచంలోని వృక్షశాస్త్ర తోటలు ఇప్పటికీ తమ దగ్గరున్న గింజల జాబితా అచ్చువేసి ఒకరికొకరు పంపుకుంటాయి. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ విలియం రాక్స్‌బర్గ్. 1780లలో సామర్లకోటలో ఉండి కోస్తా మొక్కలను సేకరించాడు, తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1787 తుపానులో ఆయన పుస్తకాలు, సేకరణ కొట్టుకుపోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. బొమ్మలు, వివరాలు ఓడ మీద లండన్‌కి వెళితే అక్కడ జోసెఫ్ బ్యాంక్స్ వాటిలోంచి ఏరి 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో వెలువడేలా చూశాడు. ఉత్తరం చేరడానికి నెలలు పట్టే రోజుల్లో ఇదంతా జరిగింది. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా పక్కన శిబ్‌పూర్ తోటకి అధిపతిగా వచ్చాడు. ఖరగ్‌పూర్ అడవుల సాల చెట్టుకు షోరియా రోబస్టా అని, అప్పటి గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరు మీద, శాస్త్రనామం పెట్టింది ఆయనే. సామర్లకోట నుంచి బెంగాలుకి చేరిన తొలి మొక్కల పిచ్చోడు ఆయనేనని చమత్కారంగా అనుకోవచ్చు.

అమెరికా మొక్కల సంఘాల్లో గడిచిన శతాబ్దంలో ఇంకో పద్ధతి నడిచింది, నాకు ఇది చాలా నచ్చుతుంది. ఏడెనిమిదిమంది ఒక వరస కడతారు. ఉత్తరాల కట్ట ఒకటి ఆ వరసలో తిరుగుతుంది. కట్ట మీ చేతికి రాగానే అందరివీ చదివి, పోయినసారి మీరు రాసిన ఉత్తరం తీసేసి, కొత్తది పెట్టి, తర్వాతి మనిషికి పంపాలి. ప్రతివాడికీ వంతు వస్తుంది, ప్రతివాడూ ఏదో ఒకటి రాయక తప్పదు. మన వాట్సాప్ గ్రూపుల్లో లోపించింది అదే. రెండు వందలమంది ఉన్న గ్రూపులో మాట్లాడేది పదిమంది. మిగతావాళ్లు గుడ్‌మార్నింగ్ పూలు చూసి ఊరుకుంటారు. 2020 మేలో చెల్సీ పూల ప్రదర్శనను మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టారు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ చూడటానికే. ఇచ్చిపుచ్చుకోవాలంటే వంతులు కావాలి, చేతికి ఏదో ఒకటి అందాలి.

చేతికి అందేది గింజ. పోస్టాఫీసును అత్యవసర సేవల్లో ఉంచారు కాబట్టి ఆలస్యంగానైనా కవర్లు చేరాయి. అయితే ఏ గింజ పోస్టును తట్టుకుంటుంది?

గింజల్లో రెండు పెద్ద జాతులున్నాయనుకోండి. ఒక రకం బాగా ఎండినా లోపలి ప్రాణం పోదు, నెలలు, ఏళ్లు నిద్రపోతుంది. రేల, నల్లతుమ్మ, గురివింద ఈ బాపతు. రెండో రకానికి ఎండితే చావే. తల్లిచెట్టు నుంచి రాలిన తేమతోనే నేలలో పడి మొలవాలి. నేరేడు, పనస, మామిడి, ఇప్ప, సాల అన్నీ ఇవే. వేప మధ్యరకం. పండు రాలిన రెండు మూడు వారాల్లో విత్తితే బాగా వస్తుంది, ఆ తర్వాత రోజురోజుకీ నమ్మకం తగ్గుతుంది. మనవాళ్లు వేపగింజ దాచి మరుసటేడు వేసి, రాలేదని మట్టిని తిట్టుకోవడం మామూలే.

రేలను తీసుకుందాం. మూరెడు పొడవు నల్లటి కాయ. పగలగొడితే అడ్డంగా గదులు, గదికో గోధుమరంగు గింజ, చుట్టూ నల్లటి బంక. బంక కడిగి నీడన ఆరబెట్టాలి. ప్లాస్టిక్ సంచీలో వేస్తే బెంగాలు వానకాలపు తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది, కాగితం పొట్లమే మేలు. పొట్లం మీద మొక్క పేరు, గింజ ఏరిన చోటు, తేదీ రాయాలి. కవరు మీద ముద్ర గుద్దేటప్పుడు నలగకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టాలి. అందుకున్నవాళ్లు అలాగే పాతిపెడితే ఏడాదైనా కదలదు, పైతొక్క అంత బిరుసు. గింజకి ఒక పక్కన గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది, లోపలి లేతరంగు కనబడగానే ఆపాలి. మొలక వచ్చే మొనవైపు ముట్టుకోకూడదు. రాత్రంతా నీళ్లలో వేస్తే పొద్దుటికి ఉబ్బి కనబడుతుంది. ఉబ్బింది విత్తాలి, ఉబ్బనిదాన్ని మళ్లీ రుద్దాలి. ఇది ఫోన్లో చెప్పగలిగిన పని, వీడియోలో చూపించగలిగిన పని. దూరంగా ఉన్న సభ్యుడితో మొదలుపెట్టాల్సిన మొక్క ఇలాంటిదే.

సాల అలా కుదరదు. దాని కాయకు అయిదు రెక్కలుంటాయి, మూడు పొడుగువి, రెండు పొట్టివి. తొలకరి ముందు గాలికి గిరగిర తిరుగుతూ దిగుతుంది. తేమ తగిలితే రోజుల్లోనే మొలకెత్తుతుంది, కొన్నిసార్లు చెట్టు మీదుండగానే మొలక కనబడుతుంది. వారం పదిరోజులు దాటితే ఆశ వదులుకోవాల్సిందే. ఈ గింజను కవరులో పెట్టి శ్రీకాకుళం పంపితే చేరేది శవమే. కాబట్టి సాల కావాలంటే చెట్టుకి నడిచి వెళ్లగల దూరంలో ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి రాలే వారం తెలియాలి, ఆ వారమే కుండీ సిద్ధంగా ఉండాలి. గుంపు చేరకపోయినా ఒక్క మనిషి చాలు. దేశవాళీ మొక్కల సంఘానికి సభ్యుల సంఖ్య కన్నా సభ్యులు ఎక్కడెక్కడున్నారన్నది ముఖ్యమని నేననేది ఇందుకే. గులాబీల సంఘానికి ఈ బాధ లేదు, నర్సరీ ఎక్కడుంటే అక్కడికి పోతే సరి.

సాల గురించి మాట్లాడి ఆరాబారీని వదిలేయకూడదు. మేదినీపూర్ దాటి చంద్రకోణ రోడ్డు వైపు వెళ్తే వస్తుంది. 1970ల మొదట్లో అక్కడి సాల అడవి మొద్దులుగా మిగిలింది. అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 1,272 హెక్టార్ల అడవిని కాపాడే పనిని 11 ఊళ్లలోని 618 కుటుంబాలకు అప్పగించాడు. అడవి కొట్టాక వచ్చే ఆదాయంలో నాలుగో వంతు వాళ్లకని ఒప్పందం. చాలామేరకు కొత్తగా నాటింది లేదు. పశువులను, గొడ్డళ్లను ఆపారు, భూమిలో బతికే ఉన్న వేళ్ల నుంచి చిగుళ్లు లేచాయి. దేశంలో ఉమ్మడి అటవీ యాజమాన్యానికి పునాది పడింది అక్కడే. గింజ ప్రయాణం చేయలేని చెట్టుకి మొద్దు దగ్గర కాపలా ఉండే మనిషే దిక్కు.

గింజతో పాటు పంపగలిగినది ఇంకోటుంది, కబురు. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి చూడాలి. కొత్త చిగురుందా, మొగ్గుందా, పూవుందా, కాయ పచ్చిదా పండిందా, అంతే. కిటికీలోంచి కనబడే చెట్టయినా సరిపోతుంది. 2020 ఏప్రిల్ 24 నుంచి 27 వరకు జరిగిన సిటీ నేచర్ ఛాలెంజ్ ఊళ్ల మధ్య పోటీని పక్కన పెట్టి, ఇంటి చుట్టుపక్కల ఏమున్నా నమోదు చేయమంది. ఇంగ్లండులో రాబర్ట్ మార్షమ్ 1736లో మొదలుపెట్టిన పూత, చిగుళ్ల తేదీల లెక్కను ఆయన వంశంవాళ్లు 1958 దాకా రాస్తూ వచ్చారు. ఇప్పుడు వాతావరణం ఎంత మారిందో కొలవడానికి ఆ తేదీలు పనికొస్తున్నాయి.

కొమ్మలు, అంట్లు మాత్రం మనిషి చేతి మీదుగానే పోవాలి. తడిగుడ్డలో చుట్టిన కొమ్మ ఒకటి రెండు రోజులు ఆగుతుంది, అంతే. 2020 నవంబరులో లోకల్ బండ్లు వచ్చాక సంచుల్లో ముందు ఎక్కాల్సినవి ఇవి. 2021 మే 6న బండ్లు మళ్లీ ఆగాయి, అక్టోబరు 31 దాకా కదల్లేదు. మళ్లీ సాలగింజ రాలే వారం అందులోనే పోయింది.

అందుకని గ్రూపు నడిపేవాళ్లకి నేనిచ్చే సలహా ఒక్కటే. ఫోటోలు ఫోనులో ఉండనీయండి, తేదీలు మాత్రం రూళ్ల పుస్తకంలోకి ఎక్కించండి. ఫోను మారిస్తే వాట్సాప్‌లోవి పోవచ్చు. ఏ చెట్టు, ఏ గేటు దగ్గర, మొదటి కాయ ఏ రోజు రాలింది, దానికి ఎవరు దగ్గర. నాలుగు గడులు చాలు. మూడేళ్ల తేదీలు పక్కపక్కన పడితే, నింపురా రోడ్డున ఉన్న సాల కిందికి సంచి పట్టుకుని ఏ వారం పోవాలో ఎవరినీ సమావేశానికి పిలవకుండానే చెప్పచ్చు.