కొలత తనిఖీ సాఫ్ట్‌వేర్‌లో ప్రత్యేక ప్రోబ్‌ల చేర్పు: వర్ణన, క్రమాంకనం

వ్యాససంగ్రహం

తయారీదారు ఇచ్చిన జాబితాలో లేని ప్రోబ్‌ను కొలత సాఫ్ట్‌వేర్‌లో చేర్చడం పైకి ఒక ఫైలు రాసే పనిగా కనిపిస్తుంది. నిజానికి అందులో వర్ణన, క్రమాంకనం అనే రెండు దశలున్నాయి. ఒక దశలోని లోపాన్ని రెండవ దశ పూర్తిగా సరిదిద్దలేదని, అందువల్ల స్వతంత్రమైన పరీక్ష అవసరమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: నిరూపక కొలత యంత్రం, ప్రోబ్, స్టైలస్, క్రమాంకనం, ప్రమాణ గోళం, రింగ్ గేజ్.

1. ఉపోద్ఘాతం

యంత్ర భాగాల కొలతలను తనిఖీ చేయడానికి పరిశ్రమలు, పరిశోధనశాలలు నిరూపక కొలత యంత్రాలను ఉపయోగిస్తాయి. వాడుకలో వీటిని సీఎంఎం అంటారు. ప్రోబ్ కొన వస్తువును తాకిన ప్రతిసారీ యంత్రం ఆ స్థానపు నిరూపకాలను నమోదు చేస్తుంది. సాఫ్ట్‌వేర్ వాటి నుండి వృత్తాలను, తలాలను, దూరాలను గణిస్తుంది.

స్పర్శతో సంకేతమిచ్చే ప్రోబ్‌ను 1972లో డేవిడ్ మెక్‌మర్ట్రీ రూపొందించారు. కాంకార్డ్ విమానపు ఒలింపస్ ఇంజన్లలోని సన్నని ఇంధన గొట్టాలను కొలవవలసి రావడమే అందుకు కారణం. ఉన్న సాధనం చాలని చోట ఈ పరికరం పుట్టింది. నేడు కూడా లోతైన రంధ్రాలు, లోపలి గాడులు, వంపు మార్గాలు జాబితాలోని స్టైలస్‌లకు అందనప్పుడు ప్రత్యేక ప్రోబ్ తయారుచేసుకోక తప్పదు.

2. ప్రోబ్ నిర్మాణం

ప్రోబ్ ఒకే వస్తువు కాదు, వరుసగా కూర్చిన భాగాల సముదాయం. యంత్రానికి బిగించే హెడ్, సంకేతమిచ్చే ప్రోబ్ దేహం, పొడిగింపు కడ్డీ, స్టైలస్, దాని చివర కృత్రిమ కెంపుతో చేసిన గోళం ఇందులో ఉంటాయి. స్టైలస్‌లను ఎం2, ఎం3, ఎం4, ఎం5 మరలతో కలుపుతారు. పీహెచ్10 తరహా హెడ్ 7.5 డిగ్రీల మెట్లలో తిరుగుతూ 720 స్థానాలలో నిలవగలదు. వాటిలో కొలతకు ఎంచుకున్న ప్రతి స్థానాన్నీ ఒక కొత్త కొనగానే పరిగణించి క్రమాంకనం చేయాలి.

3. మొదటి దశ: వర్ణన

ప్రత్యేక భాగపు ఆకారాన్ని సాఫ్ట్‌వేర్‌కు తెలియజేయడం వర్ణన. ఉదాహరణకు పీసీ-డీమిస్ సాఫ్ట్‌వేర్‌లో ప్రామాణిక భాగాల వివరాలు ప్రోబ్.డాట్ అనే పాఠ్య ఫైలులో ఉంటాయి. వినియోగదారులు తమ భాగాలను యూఎస్ఆర్‌ప్రోబ్.డాట్ అనే వేరే ఫైలులో రాసుకోవచ్చు. భాగం పేరు, అది ఏ మరకు అమరుతుంది, స్తూపం, శంకువు, గోళం వంటి ఆకారాలలో దాని కొలతలు ఎంత అన్నవి వర్ణనలోని ముఖ్యాంశాలు. సొంత వివరాలను ప్రామాణిక ఫైలులో కలపకుండా వేరుగా ఉంచి, ప్రతిని భద్రపరచుకోవడం మేలు.

ఈ వర్ణన రెండు పనులకు ఉపయోగపడుతుంది. ప్రోబ్ వస్తువును ఢీకొంటుందో లేదో సాఫ్ట్‌వేర్ దీని ఆధారంగానే అంచనా వేస్తుంది. క్రమాంకనం ఆరంభించడానికి కొన ఉజ్జాయింపు స్థానం కూడా దీనినుండే లభిస్తుంది. కొన స్థానంలోని చిన్న తేడాను క్రమాంకనం సరిదిద్దుతుంది. కాడ మందాన్ని మాత్రం అది ఎన్నడూ కొలవదు. 3 మి.మీ. గోళం, 2 మి.మీ. కాడ గల స్టైలస్‌కు ఒక్కో పక్క ఖాళీ 0.5 మి.మీ. మాత్రమే. 20 మి.మీ. లోతులో స్టైలస్ 2 డిగ్రీలు వాలితే కాడ దాదాపు 0.7 మి.మీ. పక్కకు జరుగుతుంది. అప్పుడు గోళం కంటే ముందుగా కాడ రంధ్రపు అంచును తాకుతుంది. గోళమే తాకిందని భావించి సాఫ్ట్‌వేర్ తప్పుడు బిందువును నమోదు చేస్తుంది.

4. రెండవ దశ: క్రమాంకనం

వ్యాసం ముందే తెలిసిన ప్రమాణ గోళాన్ని పలు బిందువుల వద్ద తాకించి, కొన అసలు స్థానాన్ని, దాని ప్రభావక వ్యాసాన్ని కనుగొనడం క్రమాంకనం. సంకేతం వెలువడేలోగా స్టైలస్ కొద్దిగా వంగుతుంది. కాబట్టి ప్రభావక వ్యాసం గోళపు అసలు వ్యాసం కంటే సాధారణంగా కొంచెం తక్కువగా వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉపయోగించవలసినది ఈ విలువనే.

ఒకే మందం, ఒకే పదార్థం ఉన్న కడ్డీ పొడవు రెట్టింపైతే, అదే బలానికి వంపు ఎనిమిది రెట్లవుతుంది. అందువల్ల పొడవైన ప్రత్యేక ప్రోబ్‌లకు ఈ దశ మరింత కీలకం. ఉష్ణోగ్రత ప్రభావాన్ని కూడా గమనించాలి. 200 మి.మీ. ఉక్కు పొడిగింపు 5 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సుమారు 0.0115 మి.మీ. సాగుతుంది. క్రమాంకనం తరువాత గది ఉష్ణోగ్రత మారితే కొన స్థానం కూడా మారుతుంది. పొడవైన పొడిగింపులకు కార్బన్ ఫైబర్‌ను ఎంచుకోవడానికి ఇదొక కారణం.

5. దోషం దాగే చోటు

క్రమాంకనం సజావుగా ముగిసినంత మాత్రాన కొలత సరైనదని చెప్పలేము. ప్రమాణ గోళపు ధ్రువపత్రంలో 24.987 మి.మీ. అని ఉండగా, సాఫ్ట్‌వేర్‌లో 24.997 అని నమోదైందనుకుందాం. అప్పుడు గణించిన ప్రభావక వ్యాసం 0.010 మి.మీ. తగ్గుతుంది. ఫలితంగా ప్రతి రంధ్రం 0.010 మి.మీ. చిన్నదిగా, ప్రతి షాఫ్ట్ అంతే పెద్దదిగా కనిపిస్తుంది.

20 మి.మీ. రంధ్రానికి హెచ్7 పరిమితి 20.000 నుండి 20.021 వరకు. నిజంగా 20.025 ఉన్న రంధ్రాన్ని తిరస్కరించాలి. కాని ఈ ప్రోబ్ దానిని 20.015గా చూపుతుంది, భాగం ఆమోదం పొందుతుంది. రంధ్రాల కేంద్రాల మధ్య దూరాలపై ఈ దోష ప్రభావం ఉండదు కాబట్టి నివేదికలో చాలా విలువలు సరిగానే కనిపిస్తాయి. అదే ప్రమాణ గోళాన్ని మళ్లీ కొలిచినా 24.997 అనే వస్తుంది. తప్పును తప్పుతోనే సరిచూసుకోవడమే ఇది.

6. ముగింపు

పై చర్చ వలన తేలే అంశాలు:

1. వర్ణన ఆకారానికి, క్రమాంకనం కొలతకు ఆధారం. తెరపై ప్రోబ్ బొమ్మ సరిగా కనిపించడం కొలత సరైనదనడానికి రుజువు కాదు.

2. కాడ మందం, ఉపయోగకరమైన పొడవు వంటి విలువలను వేరుగా కొలిచి నమోదు చేయాలి.

3. కొత్త ప్రోబ్‌తో భాగాలను తనిఖీ చేయడానికి ముందు, క్రమాంకనంలో ఉపయోగించని, ధ్రువీకరించిన రింగ్ గేజ్‌ను కొలవాలి. పై ఉదాహరణలోని దోషం ఆ ఒక్క కొలతతోనే బయటపడుతుంది.

4. ప్రత్యేక ప్రోబ్‌తో సేకరించిన దత్తాంశాలను పరిశోధనలో ప్రకటించేటప్పుడు ప్రోబ్ కూర్పును, ప్రభావక వ్యాసాన్ని, ఈ పరీక్ష ఫలితాన్ని జతచేయాలి. అప్పుడే ఆ కొలతను మరొకరు తిరిగి పరీక్షించగలుగుతారు.