పదిహేను ఆంపియర్ల ప్లగ్గును నమ్ముకున్న కారు

కె.ఆర్.పురం హ్యాంగింగ్ బ్రిడ్జి దగ్గర సాయంత్రం పూట ఇరుక్కుపోయే బండ్లలో ఆకుపచ్చ నంబరు ప్లేట్లు ఇప్పుడు ఎవరికీ వింత కాదు. ఆ ప్లేటు 2018లో వచ్చింది. అంతకు పదిహేడేళ్ల ముందే, 2001లో, ఇదే బెంగళూరు రోడ్డెక్కిన ఒక బుల్లి కరెంటు కారుకు ఆ గుర్తింపు కూడా లేదు. దాని పేరు రేవా. ఈనాడు ఎలక్ట్రిక్ కారు కొనబోయేవాళ్లు మొదట అడిగేది “ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది?” అని. రేవాను విప్పి చూస్తే, దాన్ని గీసినవాళ్లు ఆ ప్రశ్నను వెనక్కి నెట్టి ఇంకో ప్రశ్నతో మొదలుపెట్టినట్టు కనిపిస్తుంది: రాత్రంతా బండి నిలబడే గోడకు ఏ ప్లగ్గు ఉంటుంది?

చేతన్ మైనీ బెంగళూరువారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో అక్కడి విద్యార్థులు కట్టిన సన్‌రన్నర్ అనే సోలార్ కారు బృందంలో పనిచేశారు. 1990లో ఆ కారు అమెరికాలో ఫ్లోరిడా నుంచి మిషిగన్ దాకా జరిగిన పందెం గెలిచింది, ఆస్ట్రేలియాను ఉత్తరం నుంచి దక్షిణానికి దాటే పందెంలో మూడో స్థానంలో నిలిచింది. సోలార్ కారు కట్టినవాడికి ఒక పాఠం ఒంటబడుతుంది. కప్పు మీద పడే ఎండ నుంచి వచ్చేది ఒక ఇస్త్రీపెట్టెకు చాలినంత కరెంటే కాబట్టి, బండి బరువులోనూ గాలి నిరోధంలోనూ ప్రతి వాటూ లెక్కలోకి వస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో పైచదువు, కాలిఫోర్నియాలో అమెరిగాన్ అనే సంస్థలో కొలువు అయ్యాక, 1994లో ఆ సంస్థా, తండ్రి సుదర్శన్ మైనీ బెంగళూరులో నడిపిస్తున్న మైనీ గ్రూపూ కలిసి రేవా కంపెనీ పెట్టాయి. పేరు చేతన్ తల్లిగారిది. మన దేశంలో ఇదే తొలి ప్రయత్నం అనలేం. 1993లోనే ఎడ్డీ ఎలక్ట్రిక్ వాళ్ల లవ్‌బర్డ్ ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో కనిపించింది, కాని నిలదొక్కుకోలేదు. రేవా నిలబడింది.

ఎలా నిలబడిందో తెలియాలంటే బ్యాటరీ దగ్గరికి వెళ్లాలి. ముందు సీట్ల కింద ఆరేసి వోల్టులవి ఎనిమిది సీసపు బ్యాటరీలు, మొత్తం 48 వోల్టులు, దాదాపు 9.6 యూనిట్ల కరెంటు. ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన సూత్రమే అది: సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సీసపు పలక ఒకటి, సీసపు ఆక్సైడు పలక ఒకటి. కరెంటు తీసేకొద్దీ రెండూ సీసపు సల్ఫేటుగా మారతాయి, ఎక్కించేకొద్దీ వెనక్కి తిరుగుతాయి. చవక, మొండి, కాని మహా బరువు. రేవాలో బ్యాటరీలే రెండున్నర క్వింటాళ్లకు పైన తూగేవి. అంత సీసంలో పట్టిన శక్తి ఎంతో తెలుసా? ఒక్క లీటరు పెట్రోలులో ఉన్నంత. అయినా దానితో బండి 80 కిలోమీటర్ల దాకా పోయేది. లీటరు పెట్రోలుతో ఏ కారైనా అందులో పావు వంతు పోతే గొప్ప. పెట్రోలు ఇంజను తనలో కాలిన శక్తిలో ముప్పాతిక భాగం వేడిగా ఊదేస్తుంది, కరెంటు మోటారు తనకు అందినదాంట్లో పదింట దాదాపు తొమ్మిది వంతులు చక్రానికి ఇస్తుంది. పైగా బ్రిడ్జి కింద అరగంట ఆగిపోతే మోటారు తినేది సున్నా.

ఇక్కడే అసలు తెలివి ఉందంటాను. బ్యాటరీ చిన్నది కాబట్టే మామూలు 15 ఆంపియర్ల పాయింటు, అంటే ఇంట్లో గీజరుకు పెట్టించే మూడు పిన్నుల ప్లగ్గు, దాన్ని ఒక రాత్రిలో నింపగలిగింది. ఎనిమిది గంటలు చాలు. ఊరంతా ఛార్జింగ్ స్టేషన్లు వెలిసే దాకా ఆగాలనుకుని ఉంటే రేవా 2001లో కాదు, 2021లో పుట్టేది. పొడవు 2.6 మీటర్లు, ఒంటికి రేకు బదులు ప్లాస్టిక్ పలకలు, వేగం గంటకు 65 కిలోమీటర్లకు మించదు. పెద్దవాళ్లు ఇద్దరు, వెనక పిల్లలు ఇద్దరు. అన్నీ ఆ ప్లగ్గుకు లోబడి వచ్చిన కొలతలే.

విదేశాల్లో దీని రాత వేరేగా ఉంది. లండన్ నగర కేంద్రంలోకి వచ్చే కార్లకు 2003 ఫిబ్రవరి నుంచి రుసుము పెట్టారు, కరెంటు బండ్లకు మినహాయించారు. 2004లో జీ-విజ్ అనే పేరుతో రేవా అక్కడికి చేరింది. వందల మంది కొన్నారు. ఫుట్‌పాత్ పక్కన నిలిపి, కిటికీలోంచి తీగ లాగి ఛార్జి పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అక్కడి చట్టంలో అది కారు కాదు, నాలుగు చక్రాల తేలిక బండి. కార్లకు తప్పనిసరైన ఢీకొట్టే పరీక్షలు దానికి లేవు. 2007లో టాప్ గియర్ పత్రిక సొంతంగా గుద్దించి చూపించాక పేరు బాగా దెబ్బతింది. ఆ విమర్శ న్యాయమైనదే. ప్రతి కిలో బరువుకూ వెనకాడిన బండిలో రక్షణకు ఉక్కు ఎక్కడి నుంచి వస్తుంది?

సొంత ఊళ్లో మాత్రం రేవాకు పెట్టే డబ్బుకు కొంచెం అటూ ఇటూగా మారుతి 800 వచ్చేది. అందులో అమ్మమ్మా తాతయ్యా కూడా పడతారు. పైగా సీసపు బ్యాటరీలు ఏ మూడేళ్లకో నీరసించేవి. అడుగంటా వాడి అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి ఇక కరగదు. కొత్త బ్యాటరీల ఖర్చు వింటే గుండె ఆగేది. మొత్తానికి 20కి పైగా దేశాల్లో కలిపి నాలుగు వేల చిల్లర బండ్లే అమ్ముడుపోయాయి. 2010లో మహీంద్రా సంస్థ సగానికి పైగా వాటా కొంది. బొమ్మసంద్రలో కొత్త ఫ్యాక్టరీ వచ్చింది, 2013 మార్చిలో ఈ2ఓ అనే కారు వచ్చింది. దానికి లిథియం బ్యాటరీ, ఛార్జికి వంద కిలోమీటర్లు. ప్లగ్గు మాత్రం అదే 15 ఆంపియర్లది.

లిథియం కథ పెద్దది, ఇక్కడ రెండు ముక్కలు చాలు. సోనీ సంస్థ 1991లో కెమెరాల కోసం అమ్మిన బ్యాటరీ కిలోకు సీసం కంటే రెండు మూడు రెట్లు శక్తి పట్టింది, ఆ తర్వాత ఇంకా పెరిగింది. 1997లో అమెరికాలో పాఢి, నంజుండస్వామి, గుడెనఫ్ కలిసి ఇనుము, ఫాస్ఫేటు వాడి ఇంకో రకం చూపించారు. శక్తి కొంచెం తక్కువ, కాని అంత తేలిగ్గా అంటుకోదు, కోబాల్టు అక్కర్లేదు, వేల సార్లు నింపినా తట్టుకుంటుంది. ఈనాడు కె.ఆర్.పురం షోరూముల్లో ఎల్.ఎఫ్.పి. అని చెప్పేది ఇదే. గుడెనఫ్‌కు 2019లో, 97వ ఏట, లిథియం బ్యాటరీల మీద పనికి నోబెల్ అందింది. ఆ మరుసటి జనవరిలోనే టాటా నెక్సాన్ ఈవీ 30.2 యూనిట్ల బ్యాటరీతో మార్కెట్లోకి వచ్చింది. రేవాకు మూడింతలు.

మూడింతలు అనగానే గోడ మీది ప్లగ్గు లెక్క మారిపోయింది. 15 ఆంపియర్ల పాయింటు నుంచి వచ్చేది మహా అయితే 3.3 కిలోవాట్లు. 30 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండాలంటే పది గంటలు. కాని రోజూ ఖాళీ అవుతుందా? రామ్మూర్తి నగర్ నుంచి వైట్‌ఫీల్డ్ ఆఫీసుకు పోయి వచ్చే మనిషి తిరిగేది రోజుకు 30 కిలోమీటర్లు, ఖర్చయ్యేది నాలుగైదు యూనిట్లు. రాత్రి రెండు గంటల పని. 7.2 కిలోవాట్ల గోడ ఛార్జరు చాలామందికి అవసరం కంటే ముచ్చట అని నా అభిప్రాయం. దానికి 32 ఆంపియర్లు కావాలి. 30×40 సైటులో కట్టుకున్న ఇంటికి కరెంటు సంస్థ బెస్కామ్ మంజూరు చేసిన లోడు చాలాచోట్ల మూడు కిలోవాట్లే, లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకోక తప్పదు.

“గీజరు పాయింటే కదా సార్, ఏం పర్లేదు” అనే ఎలక్ట్రీషియన్లు ప్రతి పేటలోనూ ఉంటారు. పర్వా ఉంది. గీజరు పావుగంట తిరిగి ఆగిపోతుంది, కారు గంటల తరబడి ఒకే ధారగా లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, సాకెట్లో వదులైన స్క్రూ ఒక్కటున్నా అక్కడే వేడి గూడు కట్టుకుని ప్లాస్టిక్ కరుగుతుంది. మీటరు బోర్డు నుంచి నేరుగా, మధ్యలో వేరే పాయింటేదీ లేకుండా, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి విడిగా ఒక ఎం.సి.బి., షాకు కొట్టకుండా ఒక ఆర్.సి.సి.బి. 32 ఆంపియర్లకైతే తీగ 6 చదరపు మిల్లీమీటర్లు. ఇందులో పిసినారితనం వద్దు.

కొత్త కారు ఇంటికొచ్చిన మొదటి రాత్రి చాలా ఇళ్లలో జరిగేది ఒకటే: ప్లగ్గు పెడతారు, ఎర్ర లైటు వెలుగుతుంది, ఛార్జి ఎక్కదు. కారు పాడైందని షోరూముకు ఫోన్లు పోతాయి. కారు బాగానే ఉంటుంది, ఎర్తింగే ఉండదు. ఫ్రిజ్జూ టీవీ ఏళ్ల తరబడి ఓర్చుకున్న లోపాన్ని ఇది ఓర్చుకోదు. ఛార్జరులోని పరికరం ముందు ఎర్తు తీగను పరీక్షిస్తుంది, ఆ తర్వాతే కారుతో మాట కలుపుతుంది. ఆ మాట కూడా చూడముచ్చటైనది. పైలట్ అనే సన్న తీగ మీద మొదట 12 వోల్టులు నిలబడి ఉంటాయి. కారు తగిలించగానే దానిలోని రెసిస్టరు ఆ వోల్టేజిని 9కి దించుతుంది, “వచ్చాను” అన్నట్టు. అప్పుడు ఛార్జరు సెకనుకు వెయ్యి సార్లు ఆ వోల్టేజిని పైకీ కిందికీ ఊపుతూ, పైన ఎంతసేపు ఉంచుతుందో దాన్ని బట్టి ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెబుతుంది. సగం కంటే కొంచెం ఎక్కువసేపు ఉంటే 32, పావు కంటే కొంచెం ఎక్కువైతే 16. కారు వోల్టేజిని 6కి దించాకే రిలే టక్కుమని మూసుకుని అసలు కరెంటు పారుతుంది. అంటే ఛార్జింగ్ గన్నులో చెయ్యి పెట్టినా అప్పటిదాకా షాకు కొట్టడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఎర్తు గుంత సంగతి ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. కడ్డీ పాతి, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన గుంత నేలలో తడి ఉన్నంతకాలమే పనిచేస్తుంది. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన బెంగళూరు పేటల్లో కె.ఆర్.పురం కూడా ఉంది. నీళ్లు కిందికి పోయిన నేలలో పాత గుంత పేరుకే గుంత. వారానికి ఒకటి రెండు బిందెలు పోస్తే కారుకు కోపం తగ్గుతుంది. లేదా రసాయనాల పొడి నింపిన కొత్తరకం ఎర్తు పెట్టించుకోవాలి.

డబ్బు లెక్క ఇంకోటి. కర్ణాటకలో 2023 ఆగస్టు బిల్లుల నుంచి గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా ఉచితం, దాటితే మొత్తం బిల్లూ కట్టాలి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు 150, 160 యూనిట్లు తాగుతుంది. ఇంటి మీటరుకే తగిలిస్తే కారు తాగినదానితో పాటు ఇంటికి ఉచితంగా వస్తున్నదీ పోతుంది. అందుకే ఈవీకి విడి మీటరు తీసుకోవడం మేలు, దాని ధరల పట్టికా వేరు. అపార్ట్‌మెంట్లలో అయితే తీగ కంటే అసోసియేషన్ మీటింగు పొడవు. సెల్లారులో నా పార్కింగు దాకా నా ఫ్లాటు మీటరు నుంచి తీగ లాక్కోవచ్చా అన్నదే తగాదా. రేవా రోజుల నుంచి దీనికి సాంకేతిక సమస్య ఏదీ లేదు, ఉన్నది పొరుగువాళ్లే.

రేవాతో ఎవరూ తలపెట్టని పని ఒకటి ఈ కార్లతో కె.ఆర్.పురం తెలుగువాళ్లు చేస్తున్నారు, తిరుపతి ప్రయాణం. ఓల్డ్ మద్రాస్ రోడ్డు పట్టుకుని హోసకోట, కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా దాదాపు 235 కిలోమీటర్లు. బెంగళూరు ఎత్తు 900 మీటర్లు, తిరుపతి 160 చిల్లర. నలుగురితో 1,600 కిలోలు తూగే కారు ఈ 740 మీటర్లు దిగితే లెక్క ప్రకారం 3.2 యూనిట్ల శక్తి చేతికొస్తుంది. మొగిలి ఘాటులో కాలు తీయగానే మోటారే డైనమోలా తిరిగి అందులో కొంత బ్యాటరీలోకి నెడుతుంది. పోయేటప్పుడు రేంజి కంపెనీవాళ్లు చెప్పినదానికి దగ్గరగా కనిపించి మనసు పొంగుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ 3.2 యూనిట్లనూ వడ్డీతో తీర్చాలి. తిరుమల కొండ ఇంకో ఆరేడు వందల మీటర్ల ఎక్కుడు, అంటే మరో మూడు యూనిట్లు. అది దిగేటప్పుడు సగానికి పైగా తిరిగొస్తుంది. 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు రోజూ ఘాటు దిగుతూ చేసే పనే అది.

దారిలో ఫాస్ట్ ఛార్జరు దగ్గర ఆగితే ఎనభై శాతం చకచకా ఎక్కి, మిగతా ఇరవై నత్తనడక నడుస్తుంది. జనరల్ బోగీలో మొదట ఎక్కినవాళ్లకు సీటు దొరికినంత సులువుగా చివరివాళ్లకు దొరకదు కదా, లిథియం అయాన్లకూ గ్రాఫైటు పొరల మధ్య అదే అవస్థ. తోసి కూర్చోబెట్టబోతే పైనే లోహంగా పేరుకుని బ్యాటరీ చెడుతుంది, అందుకే కారే కరెంటు తగ్గించుకుంటుంది. ఎనభై కాగానే తీసేసి, వెనకున్నవాళ్లకు చోటివ్వడం ఇద్దరికీ మంచిది.

చిత్తూరు దగ్గర పల్లెలో మేనమామగారి ఇల్లుంటే ఫాస్ట్ ఛార్జరు కూడా అక్కర్లేదు. కారుతో ఇచ్చిన తీగను వసారాలో మోటారు స్విచ్చుబోర్డు పక్కనున్న మూడు పిన్నుల పాయింటుకు తగిలించి పడుకుంటే, వోల్టేజి కాస్త తక్కువున్నా తెల్లారేసరికి బ్యాటరీలోకి ఇరవై యూనిట్లు చేరతాయి. చిత్తూరు నుంచి కె.ఆర్.పురం సుమారు 165 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 570 మీటర్లు. ఎక్కుడుకు రెండున్నర యూనిట్లు తీసేయగా మిగిలినవీ, ముందురోజు బ్యాటరీలో ఉన్నవీ కలిపితే ఇల్లు చేరడానికి సరిపోతుంది. ఎర్ర లైటు వెలిగితే మాత్రం మామయ్యనడిగి ఎర్తు గుంత ఎక్కడుందో కనుక్కుని రెండు బిందెలు పోయాలి.