సముద్రం దాటి తిరిగి వచ్చిన తాళపత్రాలు

గంజాం జిల్లాలోనూ, బరంపురం పట్టణంలోనూ పాత పెంకుటిళ్ళు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. అటువంటి ఇళ్ళలో ఎక్కడైనా అటక మీద ఎర్రగుడ్డలో కట్టిన మూట ఒకటి కనిపించవచ్చు. దాన్ని విప్పితే రెండు చెక్కల మధ్య తాటాకుల కట్ట ఉంటుంది. దాని మీద గంటంతో గీసిన సన్నని అక్షరాలు ఉంటాయి. "ఎప్పటివో పాత ఆకులు! వీటితో మనకేం పని?" అని ఎవరైనా అనవచ్చు. అటువంటి పాత ఆకులనూ కాగితాలనూ వెతకడానికి తమ జీవితాలనే ధారపోసినవారు ఉన్నారు. వారి శ్రమ ఫలితాన్ని మనం ఈనాటికీ అనుభవిస్తున్నాం. వారిని గురించి ఈ పాఠంలో తెలుసుకొందాం.

బ్రిటన్ దేశానికి ఉత్తరభాగంలో స్కాట్లండు ఉంది. అక్కడి డెన్‌హోమ్ అనే పల్లెలో 1775లో జాన్ లేడెన్ జన్మించాడు. ఆయన తండ్రి గొర్రెల కాపరి. కుటుంబం పేదదైనా లేడెన్‌కు చదువుపై ఆసక్తి మెండు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివి, కవిగా, పండితుడుగా పేరు తెచ్చుకొన్నాడు.

ఆ రోజులలో సర్ వాల్టర్ స్కాట్ తన ప్రాంతపు జానపద గాథాగేయాలను సేకరిస్తున్నాడు. ఆ గేయాలు పుస్తకాలలో లేవు. పల్లెలలోని ముసలివారి నోళ్ళలో ఉన్నాయి. వారితోపాటే అవి కూడా పోతాయని స్కాట్ భయపడ్డాడు. ఆయనకు లేడెన్ కుడిభుజంగా నిలిచాడు. ఒకసారి ఒక గేయంలో కొంతభాగం మాత్రమే దొరికింది. మిగిలిన భాగం ఒక వృద్ధుడికి వచ్చునని తెలిసింది. లేడెన్ నలభై మైళ్ళకు పైగా కాలినడకన పోయి, దాన్ని నేర్చుకొని, పాడుకొంటూ తిరిగి వచ్చాడట. ఈ సంగతి స్కాటే స్వయంగా రాశాడు. ఆ గేయాల సంపుటాలు 1802, 1803 సంవత్సరాలలో వెలువడ్డాయి.

లేడెన్‌కు భారతదేశపు భాషలు నేర్వాలని కోరిక కలిగింది. ఇక్కడికి రావడానికి వైద్యుడి ఉద్యోగం ఒక్కటే దారిగా దొరికింది. అందుకని కొద్ది నెలలలోనే వైద్యపట్టా సంపాదించి, 1803లో మద్రాసులో ఓడ దిగాడు. తరువాత మైసూరు సర్వేలో వైద్యుడుగా పనిచేశాడు. పోయినచోటనల్లా అక్కడి భాషలు నేర్చుకొన్నాడు. వ్రాతప్రతులు సేకరించాడు. తన దేశంలో గేయాల కోసం నడిచిన మనిషి మన దేశంలో గ్రంథాల కోసం తిరిగాడన్నమాట.

1811లో ఆయన బ్రిటిషు సైన్యంతో జావా ద్వీపానికి వెళ్ళాడు. అక్కడ గాలి వెలుతురు లేని ఒక పాత గదిలో గ్రంథాలున్నాయని విని లోపలికి పోయాడు. ఆ తరువాత జ్వరం వచ్చి మూడు నాలుగు రోజులలోనే మరణించాడు. అప్పటికి ఆయనకు ముప్ఫైఆరేళ్ళు కూడా నిండలేదు.

మనిషి పోయాడు. మరి ఆయన కాగితాలు ఏమయ్యాయి? ఈస్టిండియా కంపెనీ ఆయన సేకరణను కొని, లండనులోని తన గ్రంథాలయంలో ఉంచింది. గ్రంథాలు భద్రంగానే ఉన్నాయి. కాని తెలుగు, తమిళం మొదలైన లిపులు చదవగలిగేవారు అక్కడ అరుదు. చదివేవాడు లేని గ్రంథం పాతిపెట్టిన ధనం వంటిది. అది ఉన్నా లేనట్టే.

ఆ ధనాన్ని బయటికి తీసినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన 1798లో కలకత్తాలో జన్మించాడు. 1820లో కడపలో ఉద్యోగంలో చేరి తెలుగు నేర్చుకొన్నాడు. ఆ కాలంలో తెలుగు కావ్యాల ప్రతులు చెదలు తిని, తప్పులతో నిండి ఉండేవి. బ్రౌన్ సొంత ఖర్చుతో పండితులనూ లేఖకులనూ నియమించాడు. ఒక్కొక్క గ్రంథానికి పలు ప్రతులు తెప్పించి, వాటిని పోల్చి, పాఠాలు పరిష్కరింపజేశాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో ప్రకటించాడు. 1852లో ఆయన తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది.

బ్రౌన్ సెలవుపై ఇంగ్లండులో ఉన్నప్పుడు, 1837 ప్రాంతంలో, కంపెనీ గ్రంథాలయంలో లేడెన్ సేకరించిన దక్షిణాది వ్రాతప్రతులను చూశాడు. లేడెన్ చనిపోయి అప్పటికి పాతికేళ్ళు దాటింది. ఇవి చదివేవారున్న చోటనే ఉండాలని బ్రౌన్ అధికారులకు చెప్పి ఒప్పించాడు. ఆ గ్రంథాలు తిరిగి సముద్రం దాటి మద్రాసు చేరాయి. తరువాత బ్రౌన్ తన సొంత సేకరణను కూడా మద్రాసుకే ఇచ్చివేశాడు.

అప్పటికే మద్రాసులో మరొక గొప్ప సేకరణ ఉంది. అది కల్నల్ కాలిన్ మెకంజీది. ఆయన కూడా స్కాట్లండువాడే. గ్రామాల చరిత్రలను చెప్పే కైఫీయతులను ఆయన సేకరింపజేశాడు. ఈ పనిలో ఏలూరుకు చెందిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఆయనకు అండగా నిలిచారు. వారు లేనిదే ఆ సేకరణ లేదు. మెకంజీ, లేడెన్, బ్రౌన్‌ల సేకరణలు మూడూ కలిసి మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయ్యాయి. ఆ భాండాగారం 1869లో ఏర్పడింది. అందులో లేడెన్ గ్రంథాలను ఆయన పేరుతో కాక, ఈస్టిండియా హౌస్ ప్రతులని పిలుస్తారు. సేకరించినవాని పేరు మరుగుపడింది. ఆయన శ్రమ మాత్రం నిలిచింది.

ఇదంతా ఎక్కడో మద్రాసులో జరిగిన కథ అనుకోకండి. గంజాం జిల్లా 1936 వరకు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. లేడెన్ స్కాట్లండు కొండసీమలో చేసిన పనినే గంజాం కొండలలో చేసిన మహనీయుడు ఒకరున్నారు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు. పర్లాకిమిడి అప్పుడు గంజాం జిల్లాలోనిదే. 1992 నుండి అది గజపతి జిల్లాలో ఉంది.

అక్కడి కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషకు అప్పుడు లిపి లేదు, పుస్తకం లేదు. రామమూర్తిగారు తెలుగు వచ్చిన సవర యువకుణ్ణి ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. సవరల మాటలు, పాటలు, కథలు రాసుకొన్నారు. అడవులలో తిరగడంవల్ల వారికి మలేరియా జ్వరం వచ్చింది. దానికి వాడిన క్వినైనా మందువల్ల వినికిడి పోయింది. మాటలనూ పాటలనూ వినడమే పనిగా పెట్టుకొన్న మనిషికి చెవులు వినిపించకపోవడం ఎంతటి బాధో ఊహించండి. అయినా వారు పని మానలేదు. 1931లో మద్రాసు ప్రభుత్వం వారి సవర భాషా వ్యాకరణాన్ని ప్రచురించింది. 1933లో ఇంగ్లీషు - సవర నిఘంటువు కూడా వెలువడింది.

రామమూర్తిగారు వ్యావహారిక భాషకోసం వాదించినప్పుడు పాత గ్రంథాలే వారికి సాక్ష్యాలుగా నిలిచాయి. మన పూర్వులు వచనంలోనూ వ్యాఖ్యానాలలోనూ వాడుకమాటలే రాశారని పాత ప్రతులనుంచి ఉదాహరణలు చూపారు. ఆ ప్రతులు చెదలపాలై ఉంటే ఆ సాక్ష్యం ఎక్కడ దొరికేది? ఈనాడు మీరు ఈ పాఠాన్ని మీరు మాట్లాడే భాషకు దగ్గరైన తెలుగులో చదువుతున్నారంటే, దాని వెనుక ఆ పాత ఆకుల సాక్ష్యం కూడా ఉంది.

పండితుని కాగితాలు నిలవాలంటే మూడు పనులు జరగాలి. మొదటిది సేకరించడం. రెండవది భద్రపరచడం. మూడవది చదివేవారికి అందుబాటులో ఉంచడం. లేడెన్ సేకరణకు మొదటి రెండూ జరిగాయి. మూడవది జరగడానికి బ్రౌన్ రావలసివచ్చింది.

మీ ఇంట తాళపత్రాలుగాని, తాతగారు చేతితో రాసుకొన్న పుస్తకంగాని ఉండవచ్చు. దాన్ని చెత్త అని పారవేయకండి. తేమ తగలనిచోట ఉంచండి. పెళుసుబారిన ఆకులను బలవంతంగా విడదీయకండి. ఏ ఆకు తరువాత ఏ ఆకు ఉన్నదో ఆ వరుస మార్చకండి. మీ ఉపాధ్యాయులకు చూపండి. భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర మ్యూజియంలో వేలాది తాళపత్ర గ్రంథాలను భద్రపరుస్తున్నారు. అన్నిటికంటె ముఖ్యమైన పని మరొకటుంది. తెలుగు లిపి చదవడం మానకండి. చదివేవారుంటేనే ఆ అటక మీది మూట గ్రంథం అవుతుంది. లేకపోతే అది వట్టి ఆకుల కట్ట.