ఉనికి గుట్టు

ప్రయాణమై గడప దాటుచున్న మనిషిని ‘ఎక్కడికి?’ అని అడుగరాదని తెలుగునాట పెద్దలు చెప్పుదురు. ఎవరైన తొందరపాటున అడిగినచో, బయలుదేరినవాడు మరల లోనికి వచ్చి, మంచినీరు త్రాగి, ఒక క్షణము కూర్చుండి గాని కదలడు. మరీ అవసరమైనచో ‘ఎంత దూరము?’ అని అడిగి ఊరకుందురు. శకునములను నమ్మనివారు దీనిని మూఢాచారమని నవ్వవచ్చును. కాని ఆ ఆచారము అడుగున ఒక లోకజ్ఞత యున్నది. మనిషి తానెక్కడికి పోవుచున్నాడో, ఎప్పుడు తిరిగి వచ్చునో చెప్పుట అతని యిష్టము. గుచ్చి గుచ్చి అడిగి రాబట్టుట ఎదుటివాని హక్కు కాదు.

ఇప్పుడు అడుగవలసిన పని యెవరికిని లేదు. అడుగకుండగనే అందరును చెప్పుచున్నారు. రాజమహేంద్రవరమున రైలు దిగగనే ఒక ఫొటో, కొవ్వూరు వంతెనపై ఒక ఫొటో, పాపికొండల లాంచీలో మరియొకటి. ప్రతి ఫొటోకును క్రింద ఊరి పేరు, వేళ, వెంట నున్నవారి పేర్లు. సంక్రాంతికి హైదరాబాదు నుండియు, బెంగళూరు నుండియు గోదావరి జిల్లాలకు తరలివచ్చు కుటుంబములు అరిసెల పళ్లెరమును, భీమవరపు కోడిపందెముల బరిని లోకమునకు చూపుచు, తాము అక్కడ విడిచి వచ్చిన యింటికి నాలుగు దినములు తాళము వేసియున్నదని గూడ తమకు తెలియకయే చాటుచున్నారు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెత రావణుని లంకను గురించి పుట్టినది. కోనసీమవారికి లంక యనగా గోదావరి పాయల నడుమ తమ కొబ్బరితోటలున్న నేలయే. సామెత వారికి రెండు విధముల వర్తించును.

మనిషి రాకపోకలపై నిఘా వేయవచ్చునా యన్న ప్రశ్న క్రొత్తది కాదు. స్వతంత్ర భారతమున ఆ ప్రశ్న సుప్రీంకోర్టు గడప తొక్కినప్పుడు, మిక్కిలి ధైర్యముతో సమాధానము చెప్పిన న్యాయమూర్తి గోదావరి ఒడ్డున పుట్టినవాడే.

ఉత్తరప్రదేశమునకు చెందిన ఖరక్ సింగ్ అను నతనిని 1941లో ఒక దోపిడి కేసులో పోలీసులు పట్టుకొని, సాక్ష్యము లేనందున విడిచిపెట్టిరి. విడిచిపెట్టిరన్న మాటయే గాని, అతని పేర ‘హిస్టరీ షీటు’ తెరచిరి. ఆ రాష్ట్రపు పోలీసు నిబంధనల ప్రకారము అతని యింటిపై రహస్యముగా కాపు వేయవచ్చును. అర్ధరాత్రి తలుపు తట్టి లోపల నున్నాడో లేడో చూడవచ్చును. అతని రాకపోకలను చౌకీదారు ఎప్పటికప్పుడు ఠాణాకు తెలుపవలయును. అతడు పొరుగూరికి పోదలచినను ఎక్కడికి పోవుచున్నాడో, ఎప్పుడు వచ్చునో చౌకీదారునకు చెప్పవలసియుండెను. ఈ కట్టడి భరింపలేక అతడు సుప్రీంకోర్టును ఆశ్రయించినాడు.

1962 డిసెంబరు 18న తీర్పు వెలువడినది. రాత్రివేళ ఇంటిలో చొరబడి విచారించుట చెల్లదని ఆరుగురు న్యాయమూర్తులును ఏకీభవించిరి. కాని అతని పోకడలను దూరము నుండి కనిపెట్టుట వలన అతని కదలికకు అడ్డేమియు రాలేదనియు, గోప్యత యన్న హక్కు రాజ్యాంగములో లేదనియు అధికసంఖ్యాకులు తలచిరి. దానితో ఏకీభవింపనివారు ఇద్దరు: జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షా.

సుబ్బారావుగారు 1902లో రాజమహేంద్రవరమున జన్మించినారు. 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టుకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తి. 1966–67లో భారతదేశపు ప్రధాన న్యాయమూర్తి. నీడవలె ఒకడు వెంబడించుచుండగా మనిషి నడచుచున్నంత మాత్రమున స్వేచ్ఛగా నడచుచున్నట్లు కాదని ఆయన వాదము. కాళ్ళకు సంకెల లేకున్నను మనస్సునకు పడిన సంకెల సంకెలయే. ఎవరో చూచుచున్నారన్న యెరుక కలిగిన మనిషి తాను పోదలచిన చోటికి పోడు, కలియదలచిన వానిని కలియడు. కావున గోప్యత వ్యక్తిస్వాతంత్ర్యములో అంతర్భాగమనియు, ఆ నిబంధన సాంతము కొట్టివేయదగినదనియు ఆయన అభిప్రాయపడిరి.

ఆ అభిప్రాయము అల్పసంఖ్యాకుల తీర్పుగా సుమారు 55 సంవత్సరములు పుస్తకములలో నిలిచినది. 1976లో సుబ్బారావుగారు గతించినారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా ప్రకటించి, ఖరక్ సింగ్ తీర్పులో అందుకు విరుద్ధమైన భాగమును త్రోసిపుచ్చినది. రాజమహేంద్రవరపు న్యాయమూర్తి మాట నెగ్గినది. అటుపిమ్మట 2024 జూలై 8న మరియొక విశేషము జరిగినది. బెయిలు పొందినవాడు తన ఉనికిని గూగుల్ మ్యాపులో గుర్తు పెట్టి దర్యాప్తు అధికారికి నిరంతరము తెలుపుచుండవలెనన్న షరతును సుప్రీంకోర్టు రద్దు చేసినది. నిందితుడైనను అతని ప్రతి అడుగును పోలీసులు కనిపెట్టుచుండుట గోప్యతా హక్కునకు విరుద్ధమని పలికినది.

ఒక్క క్షణము ఆగి ఆలోచింపదగిన విషయమిది. నేరము మోపబడినవానికి గూడ దేశపు అత్యున్నత న్యాయస్థానము కాపాడి యిచ్చిన హక్కును, ఏ నేరము నెరుగని గృహస్థులు రోజునకు నాలుగు మారులు ఉచితముగా వదలుకొనుచున్నారు. ప్రభుత్వము బలవంతముగా తీసికొన్నచో న్యాయస్థానము అడ్డుపడగలదు. మనమే చేజేతుల ఇచ్చివేసినదానిని ఏ న్యాయస్థానము తిరిగి తెచ్చియిచ్చును?

ఇచ్చివేయుట తెలిసి జరుగునది కొంత, తెలియక జరుగునది అధికము. సెల్‌ఫోను ఆకాశములోని ఉపగ్రహముల నుండియు, చుట్టుప్రక్కల టవర్ల నుండియు, వైఫై పెట్టెల నుండియు తానున్న చోటును పసికట్టును. కెమెరాకు అనుమతి యున్నచో తీసిన ఫొటోలోనే అక్షాంశ రేఖాంశములు దాగియుండును. వాట్సాపులో ఫొటోను మామూలుగా పంపినప్పుడు ఆ గుర్తులు తొలగిపోవును గాని, ‘డాక్యుమెంటు’గా పంపినప్పుడు అట్లే నిలిచియుండును. 2012 డిసెంబరులో అజ్ఞాతమున నున్న జాన్ మెకఫీ అను కంప్యూటర్ వ్యాపారి గ్వాటెమాలాలో నున్నాడని లోకమునకు తెలిసినది ఇట్టి ఫొటో వలననే. ఆయనతో కూడ నున్న పాత్రికేయులు ప్రచురించిన చిత్రములో ఆ చోటు గుర్తు మిగిలిపోయినది.

ఒక్కొక్క ముక్క విడిగా చూచిన హాని లేనట్లే తోచును. ముక్కలు కూడినప్పుడే ప్రమాదము. వ్యాయామము చేయువారి నడకలను, పరుగులను లెక్కించు స్ట్రావా అను సంస్థ 2017 నవంబరులో తన వాడుకరుల దారులన్నింటిని ఒక్క ప్రపంచ పటముపై వెలుగు గీతలుగా ప్రకటించినది. అందు పేర్లు లేవు. అయినను 2018 జనవరిలో ఒక విద్యార్థి ఆ పటమును పరికించి, ఎడారుల నడుమ చీకటిలో వెలుగుచున్న గీతలు సైనిక స్థావరములవని బయటపెట్టినాడు. సైనికులు తమ ఆరోగ్యము కొరకు ప్రాతఃకాలమున పరుగెత్తిన దారియే శత్రువునకు పటమైనది. ఒక స్త్రీ ప్రతిదినము ఏ వేళకు కాకినాడ బస్సెక్కునో, ఏ సాయంకాలము ట్యూషను నుండి ఏ సందులో నడచి వచ్చునో ఆమె పెట్టు ఫొటోలను నెల దినములు వరుసగా చూచినవానికి అట్లే తెలియును. వెంటాడి వేధించుట భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను క్రింద నేరము; అంతర్జాలమున వెంటాడుటయు అందు చేరియున్నది. కాని చట్టము అపాయము జరిగిన పిదప వచ్చును. జాగ్రత్త ముందుగా రాగలదు.

ఇండ్ల విషయము మరియొకటి. ఊరికి పోవు గృహస్థు ముందుగా తెలిపినచో తాళము వేసిన యింటిలో కెమెరా నుంచి కాపుగాయు పద్ధతిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఏర్పరచినారు. ఆ పద్ధతికి ప్రాణము గోప్యతయే. ఇల్లు ఖాళీగా నున్నదని తెలియవలసినది ఠాణాకు మాత్రమే. ఒక చేత ఠాణాకు తెలిపి, రెండవ చేత ఫేస్‌బుక్కులో పదిమందికిని చాటువాడు కాపలావానితో పాటు దొంగకును కబురు పెట్టినట్లే.

ఇందు వలన ఉనికిని తెలుపుటయే దోషమని భావింపరాదు. 2020 ఫిబ్రవరి 8న రాష్ట్రమున మొట్టమొదటి దిశ పోలీసు స్టేషను తెరువబడినది రాజమహేంద్రవరముననే. ఆపదలో నున్న స్త్రీ ఫోనును ఊపినంతనే ఆమె యున్న చోటు పోలీసులకు తెలియునట్లు దిశ యాప్‌ను రూపొందించిరి. 2025లో శక్తి యాప్ వచ్చినది. గోదావరి వరద లంకలను ముంచెత్తినప్పుడు ఇంటికప్పుపై చిక్కుకొన్నవాడు తానున్న చోటును పడవవారికి తెలుపగలిగినచో అది ప్రాణదానము. తేడా ఎక్కడ నున్నది? ఎవరికి, ఎంతసేపు, ఎందులకు చెప్పుచున్నామను దానియందున్నది.

ఈ తేడాను నూరేండ్లకు పూర్వమే మన్యము ఎరుగును. అల్లూరి సీతారామరాజు 1922లో ముందుగా కబురంపి అడ్డతీగల ఠాణాకు వచ్చినాడు. తాను చెప్పదలచినది, చెప్పదలచినవారికి, చెప్పదలచిన వేళకు చెప్పినాడు. రాత్రి ఎక్కడ తలవాల్చెడివాడో మాత్రము కొండలకు, తనవారికి తప్ప తెలియదు. 1924 మే వరకు అతని బలములో ఆ గుట్టునకు గల పాలు తక్కువది కాదు.

గృహస్థు చేయదగినది కష్టసాధ్యమేమియు కాదు. యాత్రా చిత్రములను ఇంటికి తిరిగి వచ్చిన తరువాత పెట్టవచ్చును. గోదావరి అందము నాలుగు దినములలో తరుగదు. కెమెరాకు చోటు తెలిసికొను అనుమతిని తొలగింపవచ్చును. వాట్సాపులో కదలికను ప్రత్యక్షముగా తెలుపు సదుపాయమునకు 15 నిమిషములు, ఒక గంట, 8 గంటలు అని మూడు గడువులున్నవి. రాత్రి రైలు దిగి వచ్చు కుమార్తె తండ్రికి ఒక గంట చాలును. బిడ్డల బడి పేరు, యూనిఫారము కనిపించు చిత్రములను అపరిచితుల కంటబడనీయకుండుట మేలు. 2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. లక్షలాది కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి రేవులకు తరలును. ఆనాటికి ఈ మెలకువలు అలవాటుగా మారవలయును.

ఖరక్ సింగ్ వెంట తిరిగిన చౌకీదారు ఒక్క ఊరివాడు, రాత్రియైన నిద్రపోవువాడు, అతనికి జీతము సర్కారు ఇచ్చెడిది. నేటి చౌకీదారు మన జేబులోనే యున్నాడు, నిద్ర యెరుగడు, అతనిని మన డబ్బుతోనే కొని తెచ్చుకొన్నాము. వానిని తరిమివేయ నక్కరలేదు. ఎవరికేమి చెప్పవలెనో ఆజ్ఞాపించు అధికారము మాత్రము యజమాని చేతిలో నుండవలయును.