వెలుతురుకు పెరిగే గొలుసు

"ఎమ్మెస్సీల ఏం నేర్పుతుండ్రు బిడ్డా?" అని అమ్మ అడిగింది. ఆర్మూరు చుట్టుపక్కల పసుపు కొమ్ములు విరిచే కూలికి పోతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే, చెప్పక తప్పదు. తమ్ముళ్లూ, ఆమెకు చెప్పిందే మీకూ రాస్తున్నాను.

చిన్న అణువులు పూసల్లా కలిసిపోతే వచ్చే గొలుసే పాలిమర్. పసుపు ఎండబోసే ప్లాస్టిక్ పట్టా అదే. మామూలుగా చేస్తే ఒక గొలుసు పొడుగు, ఇంకొకటి పొట్టి. 1995లో అమెరికాలో మట్యషెవ్‌స్కీ పెరిగే కొసకు హాలోజన్ పరమాణువును మూతలా పెట్టాడు. రాగి సమ్మేళనం మూత తీస్తుంది, గొలుసు కాస్త పెరుగుతుంది, మళ్లీ మూత పడుతుంది. అందుకే అన్నీ దాదాపు సమానంగా ఎదుగుతాయి.

2012లో ఫోర్స్, హాకర్ ఆ మూతను వెలుతురు చేతికిచ్చారు. రాగికి బదులు ఇరిడియం. లైటు వేస్తే పెరుగుదల, ఆర్పితే ఆగుదల. హాస్టల్లో కరెంటు పోతే చదువు ఆగి, రాగానే అదే పేజీ నుంచి మొదలైనట్టు!

మన పసుపులోని కర్క్యుమిన్ కూడా వెలుతురు పట్టి, అయోడోనియం లవణం తోడుంటే పాలిమర్ గొలుసును మొదలుపెడుతుందని 2005లో క్రివెల్లో చూపాడు. మొదలుపెట్టడమే, ఆపడం దానికి రాదు.

అమ్మ అంతా విని, "అయితే పసుపు రేటు పెరుగుతదా?" అంది. నా దగ్గర జవాబు లేదు.