పొట్టమీది వదులుచర్మము

మిక్కిలి స్థూలకాయులు మితాహారముచేతను నడకచేతను బరువు తగ్గించుకొనినపుడు, కొందరికి పొట్టక్రింద చర్మము మడతలై వ్రేలాడుచుండును. ఇంత శ్రమపడియు ఇదియేమి యని వారు చిన్నబోవుదురు, చూచువారు పరిహసింతురు. ఇందలి కారణమును, చేయదగిన దానిని చదువరులకు తెలియజేయ దలచితిమి.

మన హాలహర్వి రైతు పత్తి క్రుక్కిన బోరెమును ఆదోనికి కొనిపోయి, ఖాళీచేసి తెచ్చినచో అది ముడతలుపడి యుండును గదా! చర్మమును అట్టిదే. అయితే అది సజీవమగుటచే కొంతవరకు తనంతట తానే బిగియగలదు. చర్మపు లోపొరలో కొల్లాజెను, ఎలాస్టిను అను సన్నని నారలు కలవు. మొదటిది బలమును, రెండవది సాగి మరల ముడుచుకొను గుణమును ఇచ్చును. చాలయేండ్లు సాగియున్న నారలు చెడిపోవును. కావున తగ్గిన బరువును, వయస్సును హెచ్చినకొలది వదులును హెచ్చుగా మిగులును. పొగాకును, తీవ్రమైన యెండయు ఈ నారలకు శత్రువులు.

వ్యాయామము కండలను బలపరచును గాని, మిగిలిపోయిన చర్మమును పోగొట్టజాలదు. లేపనములును తైలములును అంతియే; వానికై ధనము వెచ్చించుట వృథా.

మన ప్రాంతపు వేసవిలో బాధయంతయు మడతలలోనే. చెమట నిలిచి, చర్మము ఒరసికొని, ఎఱ్ఱబారి పుండగును. తామరవంటి వ్యాధియు చేరును. ప్రతిదినము స్నానముచేసి, మడతలను మెత్తని గుడ్డతో తడిలేకుండ అద్దవలెను. వదులైన నూలుబట్టలు ధరింపవలెను. దుర్వాసనగాని, రసికారుటగాని యున్నయెడల వైద్యునికి చూపవలెను. మధుమేహము గలవారు ఆలస్యము చేయరాదు.

బాధ మితిమీరినపుడు శస్త్రచికిత్స కలదు. అమెరికాలోని బాల్టిమోరు నగరమున హోవర్డు కెల్లీ యను వైద్యుడు 1899లో పొట్టమీది అధికచర్మమును క్రొవ్వుతోగూడ కోసి తీసివేసెను. నాటినుండి ఆ పద్ధతి ఎంతయో మెరుగుపడినది. చికిత్సకు ముందు బరువు కనీసము 6 నెలలు స్థిరముగా నుండవలెను, పొగాకు మానవలెను, బిడ్డలను కనదలచిన స్త్రీలు పిమ్మటనే చేయించుకొనుట మేలు. తుంటినుండి తుంటివరకు మచ్చ నిలుచును. గాయము చీముపట్టుట, లోన నీరుచేరుట, కాలిసిరలలో రక్తము గడ్డకట్టుట యను అపాయములును లేకపోలేదు. కావున లాభనష్టములను శిక్షితుడైన వైద్యునితో విచారించియే పూనుకొనవలెను.

విద్యార్థులారా! అట్టి మడతలు గలవారు మీరెరుగని కష్టమునకు ఓర్చినవారు. వారినిచూచి నవ్వకుడు. మీ యింటనే అట్టివారుండినచో, ఎండనబడి వచ్చినవేళ స్నానమునకు నీళ్లును, పొడిగుడ్డయు అందీయుడు.